ఇంటి కూరకు పట్టే చేపల లెక్కకు నిధులు ఎవరిస్తారు?

కూనవరం దగ్గర శబరి గోదావరిలో కలిసేచోట కోయ, కొండరెడ్డి కుటుంబాలు తిండికోసం పట్టే చేపల్ని ఏడాదిపాటు లెక్కకట్టాలి. ఇవి అమ్మకానికి రావు కాబట్టి మార్కెట్ లెక్కల్లో ఉండవు.

పద్ధతి: 40 ఇళ్లు, నెలకు 4 రోజులు. వల కన్ను సైజు, వల నీళ్లలో ఉన్న గంటలు, రకంవారీగా బరువు. చేప పడని రోజు కూడా రాయాలి, లేకపోతే సగటు ఉబ్బిపోతుంది.

ఒక పరిశోధన గ్రాంటుకు, ఒక సీఎస్ఆర్ (కంపెనీలు సామాజిక బాధ్యత కింద ఇచ్చే) నిధికి దరఖాస్తు పెట్టాం. తూకాలకు, ట్యాబ్‌లకు సరేనన్నారు. ఊళ్లో లెక్క రాసేవాళ్ల గౌరవవేతనం మాత్రం కొట్టేశారు. ఖర్చులో ముప్పాతిక అదే! డబ్బు మిగులుతుందని, రోజూ రాయించే బదులు నెలాఖరున ఇళ్లవాళ్లను ఒకేసారి అడిగి చూశాం. కొర్రమీను లాంటి పెద్ద చేప గుర్తుంటుంది, పరిగెలు, జెల్లలు లాంటి చిన్నచేపలు గుర్తుండవు.

స్థానికులకు నెలనెలా గౌరవవేతనం చెల్లించడానికి ఒప్పుకునే నిధి ఏది?