వ్యాపించు: పొగకూ, పుకారుకూ, పాదుకూ ఒకే మాటా?

ప్రశ్న (కింద పలువురి జవాబులు, * ఉన్నచోట మాట్లాడేవారు మారతారు): "పొగ వ్యాపించింది, వార్త వ్యాపించింది, తీగ వ్యాపించింది, జబ్బు వ్యాపించింది." ఒకే పేరాలో నాలుగుసార్లు వచ్చింది. తప్పని అనలేం గానీ పంటికింద రాయిలా తగులుతోంది. బదులుగా వాడదగ్గ మాటలేమిటి? ఏది ఎక్కడ అతుకుతుంది?

*

జాబితా ఇస్తే లాభం లేదండి. నిఘంటువు తెరిస్తే పర్వు, ప్రాకు, అలము, క్రమ్ము, ప్రబ్బు అన్నిటికీ ఎదురుగా "వ్యాపించు" అనే ఉంటుంది. వాడుకలో మాత్రం ఒకదాని పీట మీద ఇంకొకటి కూర్చోదు.

పొగ అలుముకుంటుంది. ఆ మాటలోనే మసక ఉంది: లోపల ఉన్నవాడికి ఎదురుగా ఏముందో తెలియదు. చీకటి, పొగమంచు, దుమ్ము, చివరికి విషాదం కూడా అలుముకునేవే. వెన్నెల అలుముకోదు, పరుచుకుంటుంది. పలచగా, సమంగా, నేలనంటి ఉండేదానికి ఆ మాట. గిన్నెలో నీటి మీద నూనె చుక్క వేసి చూడండి, అది చేసేది పరుచుకోవడమే. మబ్బులు కమ్ముకుంటాయి. మీదికి వచ్చి మూసేసేది కమ్ముతుంది, అందుకే కళ్లకు పొరలు కమ్ముతాయి, నిద్ర కమ్ముకొస్తుంది. ఈగలు ముసురుతాయి.

*

తీగ సంగతి. గుమ్మడి పాదు నేల మీద పాకుతుంది. కాకర, చిక్కుడు పందిరికి అల్లుకుంటాయి. అల్లుకోవాలంటే పట్టుకోడానికి ఊతం కావాలి, పాకడానికి అక్కర్లేదు.

పాకుకి ఒక గుర్తు చెబుతాను. "ఇదిగో, ఇక్కడిదాకా వచ్చింది" అని వేలు పెట్టి చూపించగలిగితే పాకు సరిపోతుంది. బట్ట మీద నూనె మరక, ఒంటి మీద తామర, గడ్డివాము నుంచి కొట్టం మీదికి మంట, వీటన్నిటికీ అంచు ఉంది. వాసనకు అంచు లేదు. అందుకే మల్లెల వాసన పాకదు, గుప్పుమంటుంది. మంటకు ఇంకో వరస కూడా ఉంది: మొదట అంటుకుంటుంది, తర్వాత పాకుతుంది, పైకి పోతే ఎగబాకుతుంది. ఎగబాకులో ఉన్నదీ పాకే. ధరలు ఎగబాకాయన్నప్పుడు మనకిది గుర్తుకు రాదు గానీ.

*

వాసన అన్నారు కాబట్టి ఒక మాట. "సువాసన వెదజల్లింది" అని రాసేస్తున్నారు. వెదజల్లేది పువ్వు, వెదజల్లబడేది వాసన. "పువ్వు సువాసన వెదజల్లింది" అనాలి. వెద అంటే విత్తడం, ఆ వెదను చల్లడమే వెదజల్లడం. వరి సాగులో నారు పోయకుండా నేరుగా గింజలు చల్లే పద్ధతిని ఇప్పటికీ వెదజల్లే పద్ధతే అంటారు. చల్లే చెయ్యి ఒకటి ఉండాలి మరి.

*

వార్తకు ఉన్నన్ని మాటలు మిగతావాటికి లేవు, మన ఊళ్ల సంగతి తెలిసిందే కదా! నోటానోటా పాకుతుంది. ఒక్కసారిగా అందరికీ తెలిస్తే గుప్పుమంటుంది. అందరూ అదే అంటుంటే ఊరు కోడై కూస్తుంది. ఆధారం లేనిదైతే పుకారై షికారు చేస్తుంది. దాచిపెట్టినది బయటపడితే పొక్కుతుంది. ఈ చివరిదానితో జాగ్రత్త. పొక్కాలంటే ముందు దాన్ని ఎవరో మూసి ఉంచాలి. "పరీక్షా ఫలితాలు విడుదలైన వార్త పొక్కింది" అంటే నవ్వుతారు. "ప్రశ్నపత్రం సంగతి బయటికి పొక్కింది" అంటే సరే.

జబ్బుకి కొలతను బట్టి మాట మారుతుంది. మనిషికి సోకుతుంది, అంటుకుంటుంది. ఊళ్లో ప్రబలుతుంది. పట్టపగ్గాల్లేకుండా పోతే విజృంభిస్తుంది. "వాడికి కలరా ప్రబలింది", "ఊరికి కలరా విజృంభించింది" రెండూ కుదరవు. ఊళ్లో అనాలి.

*

అందరూ పర్యాయపదాల్లో పడి అసలు మాటను వదిలేశారు. వ్యాపించు అకర్మకం. దానంతట అది జరిగేది. కాబట్టి "వైరస్ గాలి ద్వారా వ్యాపించబడుతుంది" తప్పు, "వ్యాపిస్తుంది" చాలు. "పుకార్లు వ్యాపించినవారిపై చర్యలు" కూడా తప్పే, వ్యాపింపజేసినవారు అనాలి. అది నోరు తిరగకపోతే "ప్రచారం చేసినవారు" అనండి.

ఈ పొరపాటుకు కారణం చివర ఉన్న "ఇంచు". చేయించు, నవ్వించులలో అది ఇంకొకరి చేత చేయించడాన్ని చెబుతుంది. వ్యాపించులో ఉన్న ఇంచు అది కాదు. సంస్కృత ధాతువును తెలుగు క్రియగా మార్చుకోడానికి తగిలించుకున్నది. జనించు, మరణించు, నివసించు చూడండి, వీటిలో ఎవరి చేతా ఏదీ చేయించడం లేదు.

ఇంకొకటి: దేశవ్యాప్తంగా, రాష్ట్రవ్యాప్తంగా ఒకే మాటగా కలిపి రాయాలి. "ఊరువ్యాప్తంగా" మాత్రం వద్దు, ఊరంతటా, ఊరూవాడా ఉండగా అదెందుకు? జిల్లా తెలుగూ కాదు, సంస్కృతమూ కాదు, అయినా జిల్లావ్యాప్తంగా స్థిరపడిపోయింది. దాన్ని ఇక కదపలేం.

*

విస్తరించు గురించి ఎవరూ అనలేదు. నగరం విస్తరిస్తుంది: ఉన్నచోటే ఉండి ఎల్లలు పెంచుకుంటుంది. నల్లమల అడవులు కృష్ణానదికి ఇటూ అటూ విస్తరించి ఉన్నాయి. దీన్ని సకర్మకంగానూ వాడొచ్చు, మంత్రివర్గాన్ని విస్తరిస్తారు, రోడ్డును విస్తరిస్తారు. దీని ధాతువులోంచే విస్తారం, విస్తరం కూడా వచ్చాయి. మొదటిది చోటుకి, రెండోది మాటకి. అమరకోశం కూడా శబ్దానికైతే విస్తరం అని విడదీసింది. మనం "విస్తారమైన పొలాలు", "సవిస్తరంగా చెప్పాడు" అంటూ ఆ తేడాను తెలియకుండానే పాటిస్తున్నాం. "సవిస్తారంగా చెప్పాడు" అని దీర్ఘం పెట్టకండి.

పైన వచ్చిన పర్వుకి చుట్టాలు పక్కనే ఉన్నారు. తమిళంలో పరవు, కన్నడంలో హబ్బు. పాలు హాలైనట్టే ఇక్కడా ప పోయి హ వచ్చింది. బెంగళూరు తెలుగువారు రోజూ వింటుంటారు, అక్కడ తీగకూ వార్తకూ కూడా హబ్బే.

*

అడిగినవారు: అయితే ఇలా మార్చాను. "గదంతా పొగ అలుముకుంది. వార్త ఊళ్లో పొక్కింది. గోడకు తీగ అల్లుకుంది. వాడలో జ్వరాలు ప్రబలాయి."

*

మూడు బాగున్నాయి. వార్త దగ్గర ఆగండి. మీ పేరాలో దాన్ని ఎవరైనా దాచారా? లేకపోతే "ఊరంతా పాకింది" అనండి. గోడ నున్నటిదై, తీగ పట్టుకోడానికి ఏమీ లేకపోతే అక్కడా "గోడ మీదికి పాకింది" అనే రాయాలి. అప్పుడు పాకింది రెండుసార్లు వస్తుంది, వార్తను గుప్పుమనిపించండి.