అప్‌డేట్: కాలవగట్టున దొరికిన తడి చొక్కా

కోనసీమలో మనిషి కనబడని కేసు. కాలవగట్టున దొరికిన నెత్తుటి మరకల తడి చొక్కాని ప్లాస్టిక్ కవర్లో కట్టేయొచ్చా అని అడిగాను కదా, కూడదు. లోపల తేమకి బూజు, బ్యాక్టీరియా పెరిగి డీఎన్‌ఏ పాడైపోతుంది. ముందు చొక్కా పక్కన కొలత స్కేలు ఉంచి ఫొటోలు తీయాలి. తర్వాత ఎండ తగలకుండా నీడలో పూర్తిగా ఆరబెట్టి, మరకలు ఒకదానికొకటి అంటకుండా మడతల మధ్య తెల్లకాగితం పెట్టి, కాగితం కవర్లో విడిగా సీలు వేయాలి. గట్టు మీద అడుగుజాడలుంటే ఇంకా తొందరపడాలి. సముద్రానికి దగ్గరి పాయల్లో పోటొస్తే ఏమీ మిగలదు.

పోలీసులు స్వాధీనం చేసుకునేటప్పుడు వీడియో తీయాలని బీఎన్‌ఎస్‌ఎస్ (క్రిమినల్ కేసుల దర్యాప్తు పద్ధతి చెప్పే చట్టం) 105వ సెక్షన్ చెబుతోంది. ఫోరెన్సిక్ నిపుణులు ఘటనాస్థలికి రావాలన్న అదే చట్టంలోని 176(3) మాత్రం 7 ఏళ్లు, ఆపైన శిక్ష పడే నేరాలకే. అందుకే ఉత్త మిస్సింగ్ కేసుగా వదిలేయకుండా, అనుమానానికి ఆధారాలు చూపించి అంత శిక్ష పడే నేరం సెక్షన్‌కి మార్చమని ఇంటివాళ్లు పోలీసుల్ని రాతపూర్వకంగా అడిగి, రసీదు తీసుకోవాలి.