ట్రక్కు ఇంజిన్ హెడ్‌లో స్పార్క్ ప్లగ్ థ్రెడ్ (మర) పోయింది, ఇంటి దగ్గరే చేసుకోవచ్చా?

ప్రశ్న:
అందరికీ నమస్కారం. ఈ దేశం వచ్చి నాలుగు నెలలైంది. పనికి పనికొస్తుందని పాత పెట్రోల్ పికప్ ట్రక్కు కొన్నాను. నిన్న ప్లగ్గులు మారుస్తుంటే మూడో సిలిండర్‌లో కొత్త ప్లగ్ రెండు చుట్లు తిరిగి ఆగిపోయింది. బలంగా తిప్పాను. వెనక్కి తీస్తే ప్లగ్ మరల్లో అల్యూమినియం రజను. ఇప్పుడు ఎంత తిప్పినా పట్టడం లేదు. హెడ్ (సిలిండర్ల పైన బిగించే మూత) దించకుండా బాగుచేసే దారి ఉందా?

జవాబు:
తమ్ముడూ, ముందు ఇది చెప్పు, బండి ఎక్కడుంది? అద్దె ఇంటి పార్కింగ్‌లోనైతే పానా పట్టే ముందు అగ్రిమెంటు తీసి చదువు. నాకూ ఇదే పని పడింది. శనివారం పొద్దున్నే కింద పాత దుప్పటి పరిచి, ప్లగ్గులకు కరెంటు ఇచ్చే కాయిల్స్ విప్పి కూర్చున్నాను. ఓనరు వచ్చాడు, పల్లెత్తు మాట అనలేదు, నాలుగు ఫోటోలు తీసుకుని వెళ్ళాడు. సోమవారానికి తలుపు మీద నోటీసు! ఆవరణలో వాహనాలు రిపేరు చేయకూడదని అగ్రిమెంటులో ఉందట. కింద సంతకం నాదే, ఏమంటాను? మూడు రోజుల్లో బండి తీసెయ్యమన్నాడు. ప్లగ్ లేని బండి ఎలా కదులుతుంది? లాగే బండి పిలిపించి స్నేహితుడి గ్యారేజీకి చేర్చాను. ఖాళీ చేసేటప్పుడు నేల మీది నూనె మరక కూడా నా ఖాతాలో వేసి అడ్వాన్సులో కోశాడు. అది నేను రాకముందు నుంచీ ఉన్న మరక, కానీ రుజువేది? ఇవాళే నేల ఫోటో తీసిపెట్టుకో.

జవాబు:
అన్న చెప్పింది నిజమే గానీ అబ్బాయి అడిగింది థ్రెడ్ గురించి. రెండు చుట్లకే ఆగిందంటే ప్లగ్ అడ్డంగా ఎక్కింది. పై మరలు మాత్రమే చెడితే, లోపలికి దూర్చి విచ్చదీసి బయటికి తిప్పుకుంటూ వచ్చే ట్యాప్ (మరలు కోసే పనిముట్టు) ఒకటి దొరుకుతుంది. లోపలి మంచి మరల్ని పట్టుకుని పైవాటిని సరిచేస్తుంది. నీది అసలే పట్టడం లేదంటున్నావు కాబట్టి ఇన్సర్ట్ తప్పదు, అంటే రంధ్రాన్ని పెద్దగా కోసి లోపల కొత్త మరలున్న ముక్క బిగించాలి. చాలా ఇంజిన్లలో 14 మి.మీ., 1.25 పిచ్ (మరకూ మరకూ మధ్య దూరం, మి.మీ.లో) ఉంటుంది, కొన్నిటికి 12 మి.మీ. మరల పొడవు, వాషర్ ఉందా లేక ఏటవాలు అంచా అన్నదీ పాత ప్లగ్‌తో సరిచూసుకున్నాకే కిట్ కొను.

అసలు భయం రజనుతోనే. పిస్టన్ కిందికి దించు. కిట్‌లోని ట్యాప్ కాలవల నిండా గ్రీజు పెట్టు, రజను దానికే అంటుకుంటుంది. కొద్దిగా తిప్పి బయటికి తీసి తుడిచి, మళ్ళీ గ్రీజు. విసుగొచ్చినా ఇదే పద్ధతి. ట్యాప్ ప్లగ్ రంధ్రం వాలులోనే నిలవాలి, మొదటి చుట్టు వంకరపోతే తర్వాత దిద్దలేవు. కోత అయ్యాక వాక్యూమ్‌కు సన్నటి గొట్టం టేపుతో బిగించి లోపలంతా లాగు. తర్వాత ఫ్యూయల్ పంపు ఫ్యూజు, కాయిల్ కనెక్టర్లు తీసేసి రెండు సెకన్లు సెల్ఫ్ కొట్టు. అప్పుడు రంధ్రానికి ఎదురుగా ముఖం పెట్టొద్దు.

జవాబు:
తీగచుట్ట ఇన్సర్ట్ జోలికి మాత్రం పోవద్దు. నా బండిలో మళ్ళీ ప్లగ్ తీస్తే చుట్ట కూడా దాంతోపాటే ఊడి వచ్చింది. పైన అంచున్న గట్టి బుష్ (గొట్టంలాంటి ఇన్సర్ట్) వెయ్యి, ఆ అంచు ఉంటే అది లోపలికి జారదు. ప్లగ్‌కు యాంటీ సీజ్ (మరలు పట్టేయకుండా రాసే పేస్టు) రాయి.

జవాబు:
చుట్ట ఊడిందంటే ఇంజిన్ వేడిగా ఉండగా తీసి ఉంటారు. సరిగ్గా కూర్చోబెట్టిన చుట్ట నా ట్రక్కులో ఏళ్ళుగా ఉంది. యాంటీ సీజ్ అసలొద్దు. పూతపూసిన మరలకు అది అక్కర్లేదని ప్లగ్గులు తయారుచేసే ఎన్‌జీకే వాళ్ళే చెబుతారు. రాస్తే రాపిడి తగ్గి, అదే టార్క్‌కు (తిప్పే బలానికి) ప్లగ్ ఎక్కువ బిగుస్తుంది. అల్యూమినియం హెడ్‌లో 14 మి.మీ. వాషర్ ప్లగ్‌కు 25 నుంచి 30 న్యూటన్ మీటర్లు, ఏటవాలు అంచుదానికి 10 నుంచి 20. నీ ఇంజిన్ మాన్యువల్ వేరే అంకె చెబితే అదే పాటించు.

జవాబు:
వేడి మీద తీయలేదండీ, రాత్రంతా చల్లారాకే తీశాను. బుష్ మాట మీదే ఉంటాను.

ప్రశ్న అడిగినవాణ్ణే:
అందరికీ థాంక్స్. ఆదివారం ఒక అన్నయ్య గ్యారేజీ ఇస్తానన్నారు, బుష్ కిట్ తెప్పిస్తున్నాను. పిస్టన్ కిందికి దిగిందని ఎలా తెలుస్తుంది?

జవాబు:
ప్లగ్గులన్నీ తీసెయ్, ఇంజిన్ తేలిగ్గా తిరుగుతుంది. మూడో రంధ్రంలో పొడుగాటి ప్లాస్టిక్ స్ట్రా నిలబెట్టి, క్రాంక్ బోల్టును పానాతో ఇంజిన్ తిరిగే దిశలోనే నెమ్మదిగా తిప్పు. స్ట్రా దిగుతూ పోయి, మళ్ళీ లేవబోయే ముందు ఆపు. స్క్రూడ్రైవర్ పెట్టొద్దు, ఇరుక్కుంటుంది. బుష్ వేశాక ప్లగ్ తలకు రబ్బరు గొట్టం తొడిగి తిప్పు, అడ్డంగా ఎక్కబోతే గొట్టమే జారిపోతుంది.