మెథోట్రెక్సేట్ ఆపాలా, కొనసాగించాలా? అనుభవం ఉన్నవారు చెప్పగలరా

అమ్మకు 61 ఏళ్లు. రుమటాయిడ్ కీళ్లవాతానికి చాలాకాలంగా వారానికి ఒకసారి 15 మిల్లీగ్రాముల మెథోట్రెక్సేట్, తోడుగా ఫోలిక్ యాసిడ్ వాడుతోంది. ఈమధ్య పొడిదగ్గు, మెట్లెక్కితే ఆయాసం. సీటీ స్కాన్‌లో ఊపిరితిత్తుల అడుగుభాగాన మచ్చకట్టడం మొదలైందని తేలింది. ఛాతీ వైద్యుడు మందు ఆపమంటున్నారు. కీళ్ల వైద్యురాలేమో, కీళ్లవాతమే ఊపిరితిత్తులకూ పాకుతుందని, మెథోట్రెక్సేట్ వల్ల వచ్చే న్యుమోనైటిస్ (ఊపిరితిత్తుల వాపు) అరుదని, వచ్చినా ఎక్కువగా మొదటి ఏడాదిలోనే కనిపిస్తుందని అంటున్నారు. ఇద్దరి మాటా సబబుగానే తోస్తోంది, అదే చిక్కు! కీళ్లవాతానికే వాడే మరో మందు లెఫ్లునమైడ్‌తోనూ ఇదే భయమట.

ఇలాంటి స్థితిలో సెలైన్‌లా ఎక్కించే కీళ్లవాత మందు రిటుక్సిమాబ్‌కు మారినవారున్నారా? మారాక కీళ్లు అదుపులో ఉన్నాయా? హెపటైటిస్ బి కాకుండా ముందుగా ఇంకేం పరీక్షలు చేయించారు? శ్వాస సామర్థ్య పరీక్ష ఎన్ని నెలలకోసారి చేయిస్తున్నారు? పసరు మందుల సలహాలు మాత్రం వద్దండి, బంధువులు ఇప్పటికే చాలా ఇచ్చారు.