ఐదో తరగతి జ్యామితి: 60 డిగ్రీలను 120 అంటున్నారు, తిప్పి గీసిన చతురస్రాన్ని డైమండ్ అంటున్నారు

ప్రశ్న:
ఐదో తరగతిలో 32 మంది. లంబకోణం, అల్పకోణం, అధిక కోణం నిర్వచనాలు గడగడా అప్పజెప్తారు. 60 డిగ్రీల కోణం కొలవమంటే చాలామంది 120 అని రాస్తున్నారు. భుజాలు పొడుగ్గా గీస్తే కోణమే పెద్దదంటారు. చతురస్రాన్ని ఏటవాలుగా తిప్పి గీస్తే "డైమండ్" అంటారు. సమఘనం వలరూపం (మడిస్తే సమఘనం అయ్యేలా పరిచి గీసిన ఆకారం) గీయమంటే ఆరు గళ్లు ఎలా పడితే అలా అతికిస్తున్నారు. ఎక్కడినుంచి మొదలుపెట్టమంటారు?

జవాబు 1:
ఓ వారం కోణమానిని బయటికి తీయించకండి సర్. కోణం అంటే ఎంత తిరిగింది అన్నది ముందు చేతికి తెలియాలి. 15 సెం.మీ., 8 సెం.మీ. అట్టముక్కలు రెండింటిని ఒక చివర టిచ్ బటన్‌తో బిగించండి. కొంత తెరిపించి, ఆ కోణాన్ని కాగితం మీద గీయించి, తర్వాత పొడుగు ముక్కను కత్తిరించేయండి. తెరుచుకున్నది మారిందా అని అడగండి. భుజం పొడవు గొడవ అక్కడ చాలావరకు తీరిపోతుంది.

తర్వాత చిత్తుకాగితం ఒకసారి మడిచి, ఆ మడత అంచు దాని మీదికే వచ్చేలా మళ్లీ మడిస్తే లంబకోణం మూల వస్తుంది. ఏ కోణమైనా ముందు ఈ మూలతో పోల్చి "దీనికంటే తక్కువ" అనో "ఎక్కువ" అనో నోట్‌బుక్‌లో రాయాలి. అలా రాసినవాడు ఇక 120 రాయడు, రాసినా తనే దిద్దుకుంటాడు. కోణమానిని ఇచ్చాక చూడాల్సినవి రెండు. ప్లాస్టిక్ అంచును కాదు, సున్నా గీతను భుజం మీద పెట్టాలి. చాలా కోణమానినుల్లో ఆ గీత అంచుకి కాస్త పైన ఉంటుంది. ఏ వరుసలోని సున్నా భుజం మీద పడిందో ఆ వరుసలోనే చదవాలి. భుజం పొట్టిదైతే స్కేలుతో పొడిగించమనండి.

జవాబు 2:
డైమండ్ సంగతి. పుస్తకాల్లో చతురస్రం ఎక్కువగా నిటారుగానే ఉంటుంది, పిల్లలు ఆ నిలబడే తీరునే ఆకారం అనుకుంటారు. ముగ్గు చుక్కల్లా 1 సెం.మీ. దూరంలో చుక్కలు పెట్టిన కాగితం ఇవ్వండి. ఒక చుక్క నుంచి కుడికి 2, పైకి 1. అక్కడినుంచి ఎడమకి 1, పైకి 2. ఎడమకి 2, కిందికి 1. చివరికి కుడికి 1, కిందికి 2. మొదటి చుక్కకే వస్తారు. మడిచిన కాగితం మూలతో నాలుగు మూలలూ, స్కేలుతో భుజాలూ వాళ్లే చూసుకోవాలి.

దీని వైశాల్యం కూడా అడగండి, మంచి లెక్క. చుట్టూ 3×3 గడి గీస్తే 9. మూలల్లో మిగిలిన నాలుగు త్రిభుజాలు ఒక్కొక్కటి 2×1 గడిలో సగం, అంటే 1. 9లో 4 పోతే 5. ఇక్కడ జరిగే తప్పు ఒకటుంది: ఏటవాలుగా పక్క చుక్కకి వెళ్లినా 1 సెం.మీ. అనే లెక్కేస్తారు. కొలిపించండి, 14 మి.మీ. వస్తుంది.

జవాబు 3:
వలరూపాలకి ఆరు గళ్లతో మొదలుపెట్టొద్దు, మూతలేని డబ్బాతో మొదలుపెట్టండి. ఐదు గళ్లను అంచుకి అంచు కలిపితే వచ్చే ఆకారాలు 12, వాటిలో డబ్బాగా మడిచేవి 8. కత్తిరించే ముందే "ఇది డబ్బా అవుతుందా, అడుగు ఏది?" అని గుర్తు పెట్టించాలి. ముందే మడిచేస్తే ఊహించే పని పోతుంది, అసలు నేర్పాల్సింది అదే.

2×2గా కలిసిన గళ్లు ఎందుకు పనికిరావో తప్పక చెప్పించండి: డబ్బా మూలలో మూడు ముఖాలే కలుస్తాయి, నాలుగు చతురస్రాలు ఒక బిందువు దగ్గర కలిస్తే చదునుగా పరుచుకుంటాయి. ఐదు వరుసగా ఉంటే ఐదోది మొదటిదాని మీదికి వస్తుంది. ఈ రెండూ పట్టుబడ్డాక ఆరు గళ్లకి వెళ్లండి. సమఘనానికి 11 వలరూపాలున్నాయి, గుంపుకి 4 దొరికినా చాలు. గడి 5 సెం.మీ. ఉండాలి, అంతకంటే చిన్నవైతే మడత సరిగా రాదు.

ప్రశ్న అడిగినవారు:
అట్టముక్కలు, మడత మూల సోమవారం మొదలుపెడతాను. చుక్కల కాగితం విడిగా కావాలా, గళ్ల నోట్‌బుక్ సరిపోతుందా?

జవాబు 2:
గళ్ల నోట్‌బుక్కే చాలండి, గీతలు కలిసే చోట్లను చుక్కలనుకోవాలి. గడి 1 సెం.మీ. లేకపోతే 14 మి.మీ. రాదు, అది మాత్రం చూసుకోండి.