పదహారేళ్ల అబ్బాయికి రోజూ ఇన్‌హేలర్ అవసరమా?

యార్డు రోడ్డు నాన్న:
మాది గుంటూరు. మావాడు ఇంటర్ మొదటి సంవత్సరం. వారంలో మూడు నాలుగు రోజులు దగ్గు, నెలకు మూడుసార్లు తెల్లవారుజామున లేచి కూర్చుని ఆయాసపడతాడు. మిగతా వేళల్లో ఏ లోటూ లేదు, కబడ్డీ ఆడతాడు. ఆయాసం వస్తే నీలం పంపు, అదే సాల్బుటమాల్, రెండుసార్లు పీలిస్తే తగ్గిపోతుంది. ఇప్పుడు డాక్టరుగారు ‘తేలికపాటి ఆస్తమాయే, కానీ విడవకుండా ఉంది, రోజూ బుడెసోనైడ్ పీల్చాలి’ అంటున్నారు. అది స్టెరాయిడ్. తేలికపాటిది అన్న నోటితోనే రోజూ స్టెరాయిడ్ అంటే ఎలా? ఎత్తు కూడా తగ్గుతుందట. అనుభవం ఉన్నవారు చెప్పండి.

సత్యనారాయణపురం అక్క:
నీలం పంపు బిగుసుకున్న శ్వాసనాళాలను నాలుగైదు గంటలు వదులు చేస్తుంది, అంతే. లోపలి వాపు అలాగే ఉంటుంది. దాన్ని తగ్గించేది బుడెసోనైడ్. తేలికపాటి ఆస్తమా ఉన్నవారికీ ఒక్కోసారి ప్రాణం మీదికి వస్తుంది. అందుకే ప్రపంచ నిపుణుల బృందం ‘గినా’ 2019లో, పన్నెండేళ్లు, ఆపైబడినవారికి నీలం పంపు ఒక్కటే ఇవ్వవద్దని చెప్పింది. పీల్చే మోతాదు మైక్రోగ్రాముల్లో ఉంటుంది. మింగే స్టెరాయిడ్ బిళ్లతో పోల్చి భయపడకండి. పీల్చాక నోరు పుక్కిలించి ఉమ్మేయాలి, లేకపోతే నోటిపూత వస్తుంది. మా అమ్మాయికి పద్నాలుగేళ్లు, రెండేళ్లుగా వాడుతోంది.

కొర్రమీను:
మృగశిర కార్తెకు హైదరాబాద్ నాంపల్లి మైదానానికి తీసుకువెళ్లి చేప మందు వేయించండి. మా బావమరిది మూడేళ్లు మింగాడు.

కృష్ణలంక కుర్రవాడు:
ఇప్పుడెలా ఉన్నాడు?

కొర్రమీను:
పంపు వాడుతున్నాడు.

యార్డు రోడ్డు నాన్న:
అక్కగారూ, అన్నీ చెప్పి ఎత్తు సంగతి మాత్రం దాటేశారు.

సత్యనారాయణపురం అక్క:
దాటలేదు. అమెరికాలో 5 నుంచి 13 ఏళ్ల పిల్లలకు రోజూ 400 మైక్రోగ్రాముల బుడెసోనైడ్ ఇచ్చి, పెద్దయ్యాక కొలిచారు. 2012లో ఆ ఫలితం వచ్చింది. మందు లేనివారికన్నా సగటున 1.2 సెంటీమీటర్లు తక్కువ. మీవాడికి పదహారు. ఎదిగేదంతా చాలావరకు ఎదిగేశాడు.

యార్డు రోడ్డు నాన్న:
1.2 మీకు చిన్నదా? కానిస్టేబుల్ ఎంపికలో మగవారికి 167.6 ఉండాలి. నేను 167.1 దగ్గర ఆగిపోయాను. పరుగులో ముందున్నాను, రాత పరీక్ష గట్టెక్కాను, ఆ కొలబద్ద దగ్గర అర సెంటీమీటరు తక్కువని పక్కకు నిలబెట్టారు. ఇరవై ఏళ్లుగా మిర్చి కొట్టులో టిక్కీలు, అదే బస్తాలు, లెక్కపెడుతున్నాను. మావాడు ఇప్పుడు 169.

కృష్ణలంక కుర్రవాడు:
169లోంచి 1.2 తీసినా 167.8. లెక్క సరిపోయింది, మందు మొదలుపెట్టండి బాబాయ్.

యార్డు రోడ్డు నాన్న:
నీకు నవ్వులాటగా ఉంది.

కొత్తపేట మందుల కొట్టు:
ఎత్తు పక్కన పెట్టండి. ఏడాదిలో నీలం పంపులు ఎన్ని కొన్నారు? రెండువందల మోతాదుల డబ్బాలు ఏడాదికి మూడు అయ్యాయంటేనే జబ్బు ముదిరి ఆసుపత్రి పాలయ్యే ప్రమాదం పెరుగుతుంది. ఇంకొక మాట. కొత్త మిర్చి కాయ వచ్చే ఫిబ్రవరి, మార్చిల్లో ఎక్కువవుతోందా? యార్డు నుంచి వచ్చిన బట్టలతో ఇంట్లోకి వెళ్తున్నారా?

యార్డు రోడ్డు నాన్న:
నా కూడు మీద పడ్డారా చివరికి! ఆ ఘాటులోనే పుట్టాం, పెరిగాం. మా నాన్నకు రాలేదు, నాకు రాలేదు.

సత్యనారాయణపురం అక్క:
ఆయన అడిగినదానికి జవాబు ఇది కాదు. ఎన్ని డబ్బాలు?

యార్డు రోడ్డు నాన్న:
ఆరు. సంక్రాంతి తరువాతే నాలుగు.

సత్యనారాయణపురం అక్క:
ఆరు డబ్బాలు పీల్చేవాడికి జబ్బు తేలికగా ఉందంటున్నారు! మా అమ్మాయి హాస్టల్లో పంపు పిల్లల చేతిలో ఉండకూడదని వార్డెన్ బీరువాలో పెట్టి తాళం వేసింది. రాత్రి రెండు గంటలకు తాళంచెవి కోసం మూడంతస్తులు దిగారు. చూసీ చూడనట్టు ఉండే మీలాంటి పెద్దవాళ్ల వల్లే పిల్లలు చస్తున్నారు.

యార్డు రోడ్డు నాన్న:
మాట తూలకండి. మీకు అమ్మాయి జబ్బు ఊరంతా చాటుకోవడం ఇష్టం. నాకు ఇష్టం లేదు. నీలం పంపు జేబులో పడుతుంది, ఎవరికీ తెలియదు. రోజూ మందు అంటే చీటీ, ఫైలు, పేరు పక్కన ఆస్తమా. రేపు వైద్య పరీక్షలో ‘ఏం వాడుతున్నావు’ అని అడిగితే ఏం చెబుతాడు? నా ఎత్తును నేను దాచలేకపోయాను. వీడిది దాచగలిగేది.

కృష్ణలంక కుర్రవాడు:
అంటే ఇన్నాళ్లూ మాట్లాడింది స్టెరాయిడ్ గురించి కాదన్నమాట.

సత్యనారాయణపురం అక్క:
మాట తూలాను, ఒప్పుకుంటాను. కానీ దాచడం సంగతి నాకు చెప్పకండి. నా పెళ్లప్పుడు మా అమ్మ నా పంపును నగల పెట్టెలో అడుగున పెట్టి పంపింది. ఆయాసం వచ్చిన రాత్రి అత్తగారి ముందు ఆ పెట్టె తెరవలేక తెల్లవార్లూ కిటికీ పట్టుకుని నిలబడ్డాను. అందుకే చాటుతున్నాను.

కొత్తపేట మందుల కొట్టు:
రోజూ వాడటమే మీకు అడ్డయితే ఇంకో దారి ఉంది, డాక్టరునే అడగండి. బుడెసోనైడ్, శ్వాసనాళాలను వదులు చేసే ఫార్మోటెరాల్ కలిపిన పంపును ఆయాసం వచ్చినప్పుడు మాత్రమే పీల్చే పద్ధతి. పన్నెండేళ్లు, ఆపైబడినవారి మీద చేసిన పెద్ద పరీక్షల ఫలితాలు 2018లో వచ్చాయి. తీవ్రమైన ఆయాసాన్ని ఆపడంలో రోజూ వాడే పద్ధతికి తీసిపోలేదు, స్టెరాయిడ్ మాత్రం నాలుగో వంతుకు అటూ ఇటూగా సరిపోయింది. రోజువారీ బాధను తగ్గించడంలో రోజూ పీల్చేదే కాస్త మెరుగు, అదీ చెప్పాలి. ఆ పంపూ జేబులో పడుతుంది. యార్డు చొక్కా మాత్రం గుమ్మం బయట.

కొర్రమీను:
అయితే కార్తె దాకా ఆగనక్కర లేదా?

యార్డు రోడ్డు నాన్న:
రాత్రి వాణ్ని అడిగాను. నేను కొట్టు నుంచి వచ్చే వేళకు గది తలుపు వేసుకునేది చదువు కోసం అనుకున్నాను. నా చొక్కా ఘాటుకట. నాకు చెబితే బాధపడతానని వాళ్లమ్మతో అన్నాడట. సోమవారం డాక్టరుగారి దగ్గరికి వెళ్తున్నాం. ఆ రెండో పద్ధతి గురించి వాణ్నే అడగమన్నాను, నేను బయట కూర్చుంటాను. కానీ మందు మొదలుపెట్టే ముందు ఎత్తు కొలిపించి చీటీ మీద రాయించుకుంటాను. అందులో మాత్రం మీ మాట వినను.