మనీలా పేరులో ఉన్నది మన నీలేనా?

ఫిలిప్పీన్స్ రాజధాని మనీలాది స్పానిష్ పేరని నిన్న ఇక్కడ ఒకరు రాశారు, కింద చాలామంది అవునన్నారు. కాదండీ. స్పెయిన్ వాళ్ళు ఆ ఊరికి పేరు పెట్టలేదు, ఉన్న పేరునే తమ నోటికి తగ్గట్టు మార్చుకున్నారు. 1570లో స్పెయిన్ సేనాని మార్టిన్ దె గోయితి పాసిగ్ నది సముద్రంలో కలిసే చోటికి వచ్చేసరికే అక్కడ మైనిలా అనే ఊరుంది, దానికో కర్రకోట ఉంది, ఏలుతున్నది రాజా సులేమాన్. ఈ 'రాజా' నేను తెలుగు చేసి రాసింది కాదు, అక్కడివాళ్ళు పిలిచిన బిరుదే అది. గోయితితో జరిగిన పోరులో ఊరు తగలబడింది. మరుసటి ఏడాది అతని పైఅధికారి లెగాస్పి వచ్చి అదే చోట స్పానిష్ రాజధాని కట్టాడు. కర్రకోట స్థలంలో తర్వాత శాంటియాగో రాతికోట లేచింది, దాన్ని ఆనుకుని ఇంత్రామురోస్, అంటే 'గోడల లోపల' అని అర్థం. ఇది మాత్రం అచ్చమైన స్పానిష్ పేరే.

ఇక అసలు మాటకొస్తే, అక్కడివాళ్ళ భాష తగలాగ్‌లో 'మై' అంటే ఫలానాది ఉన్న అని. మనీలాకి ఉత్తరాన మేకవాయన్ అని ఒక ఊరుంది, కవాయన్ అంటే వెదురు, కాబట్టి అది వాళ్ళ వెదుళ్ళపల్లి అనుకోండి. మరి 'నిలా' ఏమిటి అన్న దగ్గరే పేచీ. ఎక్కువ మంది చెప్పే కథ ఏమిటంటే, నది ఒడ్డున నిలాద్ అనే తెల్లపూల మడమొక్క బాగా పెరిగేదట, మైనిలాద్ కాస్తా మైనిలా అయిందట. ఆ కథ ఎంత పాతుకుపోయిందంటే అక్కడ నీళ్ళు సరఫరా చేసే కంపెనీకి కూడా మైనిలాద్ అనే పేరు. కానీ తగలాగ్ మాట్లాడేవాళ్ళు చివరి 'ద్'ని ఊరికే మింగెయ్యరు, మొక్క పేరులో అది ఇప్పటికీ నిక్షేపంగా ఉంది, ఊరి పేరులో మాత్రం ఎందుకు పోవాలి? రెండో వాదం ప్రకారం నిలా అంటే నీలి మొక్క. మలయ్‌లోనూ ఆ మాటే, మూలం సంస్కృత నీల. ఆకులు తొట్టిలో నానబెట్టి, ఆ పచ్చటి నీళ్ళని గాలి తగిలేలా బాగా చిలికితే నీలంగా తిరిగి అడుగున మడ్డిలా దిగుతుందే, ఆ నీలిమందు మొక్క. నాకు ఇదే సరైనదనిపిస్తుంది.

అలాగని మనవాళ్ళు ఓడలెక్కి వెళ్ళి పేరు పెట్టొచ్చారని పోస్టులు పెట్టకండి, దయచేసి. తగలాగ్‌లో గురో అంటే టీచరు, ముఖా అంటే మొహం, ఆసా అంటే ఆశ, దుఖా అంటే కటిక పేద. ఇవన్నీ చాలావరకు మలయ్, జావా భాషల మీదుగా నడిచొచ్చినవి. దారిలో అర్థాలు కూడా జరిగాయి, దుఃఖం పేదరికం అయింది చూడండి, నాకైతే ఆ ప్రయాణమే ఎక్కువ నచ్చుతుంది.

మన తీరంతో నేరుగా లావాదేవీ తర్వాతి కాలంలో ఉంది. 1815 దాకా మెక్సికోలోని అకపుల్కో రేవు నుంచి మనీలాకి వెండి ఓడలు వచ్చేవి, ఆ వెండి కోసం మద్రాసు నుంచి కోరమాండల్ నూలుబట్టలు వెళ్ళేవి. ఇంగ్లీషు వాళ్ళని స్పెయిన్ రానిచ్చేది కాదు కాబట్టి ఆర్మీనియన్ వర్తకుల పేరు మీద నడిపేవారు. 1726లో మద్రాసులో అడయారు మీద మర్మలాంగ్ వంతెన కట్టించిన ఆర్మీనియన్ వర్తకుడు పెట్రస్ ఉస్కాన్ మనీలా వ్యాపారంలో బాగా గడించినవాడే. 1762లో మద్రాసు నుంచే బయల్దేరి బ్రిటిష్ సేన మనీలాని పట్టుకుంది, 1764లో తిరిగొచ్చేటప్పుడు కొందరు సిపాయిలు అక్కడే ఉండిపోయారు. మనీలా పక్కన కైంతాలో వాళ్ళ వారసులున్నారు.

మన వైపు చింత, తుమ్మ, మర్రి పేర్ల మీద ఊళ్ళకి కొదవ లేదు. నీలి మొక్క మీద పేరుపడ్డ ఊరు మీ జిల్లాలో ఏదైనా ఉంటే, అక్కడి పెద్దవాళ్ళు దాన్ని ఎలా పలుకుతారో కూడా రాయండి.